తెరిచాకే ధర

పదకొండో వారం

కిందటి వారం చిన్న మెకానిక్‌ను ఒక గుమ్మం ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే ఉంది. లోపలికి పంపే ముందు ఒక్క మాట గుర్తు చేసుకుందాం. పాత ఎలక్ట్రానిక్ సామాన్లు కొని, బాగుచేసి అమ్మే ఆ వీధిలో ఆమె తన కొట్టు మీద 'తెరిచాకే ధర' అని బోర్డు కట్టించింది. ఎవరేం అమ్మడానికి తెచ్చినా వాళ్ళ కళ్ళ ముందే మూత విప్పుతుంది. లోపల ఏది బాగుందో, ఏది పోయిందో చూపిస్తుంది. ఆ తర్వాతే ధర చెబుతుంది. దాంతో వీధిలో మిగతా వ్యాపారులకు ఒళ్ళు మండింది. ఆదివారంలోగా బోర్డు దించాలని అయిదుగురూ కలిసొచ్చి బెదిరించారు. "దించుకోండి, నిచ్చెన మాత్రం మీరే మోసుకురావాలి" అని వాళ్ళను సాగనంపింది. మర్నాడే రిటైరైన లైబ్రరీ మేడమ్ ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీ చేస్తోందట. అటక మీద పాత వీడియో గేమ్ ఒకటుందట, వచ్చి చూడమంది. చిన్న మెకానిక్ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళేసరికి గుమ్మం పక్కన టైరు అట్టల చెప్పులు కనిపించాయి. అలాంటి చెప్పులు ఆ వీధి మొత్తానికీ ఒక్కడే వేస్తాడు. తూకం.

తూకం అసలు పేరు అతని పెళ్ళాం కూడా మరిచిపోయి ఉంటుంది. రేడియో అయినా, ఫ్యానయినా, ఇస్త్రీపెట్టె అయినా చేతిలోని స్ప్రింగు తాసుకు తగిలించి, కిలోల లెక్కన కొనుక్కుపోవడం అతని పద్ధతి. మనుషుల్ని చూసినా కంటితోనే ఎన్ని కిలోలో అంచనా కడతాడని వీధిలో నవ్వుకుంటారు.

చిన్న మెకానిక్ తలుపు కొట్టలేదు. తోసుకునే వెళ్ళింది.

ముందు గది నిండా తాళ్ళతో కట్టిన పుస్తకాల కట్టలు. బీరువాలు తీసేసిన చోట గోడ మీద తెల్లటి చారలు మిగిలాయి. మోయలేక వదిలేసిన బండ టీవీ ఒకటి మూల కూర్చుంది. మధ్యలో బల్ల మీద, ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు ముసలివాళ్ళ పళ్ళ రంగుకు దిగిన గేమ్ పెట్టె. దాని పక్కన రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక క్యాసెట్టు, వాటి పక్కన తూకం గారి తాసు.

"రా అమ్మడూ. కొంచెం ఆలస్యం చేశావు. బేరం అయిపోయింది, ఆరువందలకి" అన్నాడు తూకం, కుర్చీలోంచి లేవకుండానే.

చిన్న మెకానిక్ మేడమ్ ముందుకెళ్ళి నిలబడింది. "మేడమ్, నాకు కదా ఫోన్ చేశారు?" అంది.

లైబ్రరీ మేడమ్‌కి డెబ్బై దగ్గర పడుతోంది. ముప్పై ఏళ్ళు జనం నోళ్ళు మూయించిన మనిషి కాబట్టి తను కూడా మెల్లగానే మాట్లాడుతుంది. "చేశానమ్మాయ్. ఈయన పొద్దున్నే వచ్చి అడిగాడు. అడాప్టర్ పెట్టి చూశాం, ఎర్ర లైటు కూడా రాలేదు. అది పోయిందని నాకు తెలిసిందే కదా. ఏదో నీలాంటి వాళ్ళు చూస్తే లేస్తుందేమోనని ఆశపడ్డాను. ఆయన లేవదన్నాడు. సరే తీసుకెళ్ళమని మాటిచ్చాను."

"ఎప్పుడు పోయింది?"

"చాలా ఏళ్ళయింది. నేనే కాల్చేశాను." ఆవిడ కాస్త సిగ్గుపడింది. "నాకు ఉద్యోగమొచ్చిన కొత్తలో, నా మొదటి జీతంతో కొనుక్కున్నాను. పిల్లల కోసం కాదు, నా కోసమే. రోజూ ఆఫీసు నుంచి రాగానే గంటసేపు ఆడేదాన్ని. మా ఆయన వద్దనేవారు. చివరికి ఒకరోజు పోయింది, చూపిస్తే కాలిపోయిందన్నారు. 'ఎడాపెడా ఆడి కాల్చేశావు' అని, కన్నుమూసేవరకూ ఆయన అంటూనే ఉన్నారు."

చిన్న మెకానిక్ పెట్టె వైపు చూసింది. ఈ రకం పెట్టెల్లో ఏ భాగం పోయినా ఎర్ర లైటు మాత్రం వెలుగుతుంది. లైటే రాలేదంటే కరెంటు లోపలికి పోవడం లేదు. కరెంటు లోపలికి పోవడం లేదంటే, ఆ వీధిలో పెరిగిన వాళ్ళెవరికైనా మొదట తట్టేది ఒక్కటే. నిద్రపుచ్చడం.

ఆ మాట బయటివాళ్ళకు తెలియదు. తక్కువలో కొట్టేయాలనుకున్న వస్తువును వ్యాపారి కాసేపు ఒంటరిగా చేతిలోకి తీసుకుంటాడు. మూత విప్పి, లోపల కరెంటు పిన్ను తగిలే రాగి రేకు కింద మైనం రుద్దిన కాగితం ముక్క దూరుస్తాడు. అంతే, వస్తువు నిద్రపోతుంది. 'చచ్చిపోయిందండీ, తుక్కుకే పనికొస్తుంది' అంటాడు. ఇంటికి తీసుకెళ్ళి చీటీ లాగేసి, పదింతలకు అమ్ముకుంటాడు. చిన్న మెకానిక్ ఆ బోర్డు కట్టించింది ఈ చీటీల మీద కోపంతోనే. తనకు ఆ కోపం తండ్రి నుంచి వచ్చిందని ఆమె నమ్మకం. మూత విప్పడం, స్క్రూలు విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చడం, ఏ భాగాన్నీ దాచకుండా చూపించడం, ఇవన్నీ ఆమెకు నేర్పింది ఆ తండ్రే, పెద్ద మెకానిక్కే.

"మేడమ్, ఈయన వచ్చాక మీరు లోపలికి వెళ్ళారా?"

"టీ పెట్టడానికి వెళ్ళాను. ఏం?"

ఎప్పుడో ఏది కాలినా లైటు ఆగదు, ఇవాళ ఆగిందంటే ఇవాళ పెట్టిన చీటీయే అనుకుంటూ చిన్న మెకానిక్ తూకం వైపు తిరిగింది. "బాబాయ్, చీటీ పెట్టావా?"

తూకం ముఖంలో రంగు మారింది. "నోరు జారకు అమ్మడూ. నేను దాన్ని ముట్టుకోలేదు."

"అయితే తెరుద్దాం."

"మేడమ్ గారు మాటిచ్చారు. ఇప్పుడది నా సరుకు."

"ఆవిడ చచ్చిన పెట్టెకి మాటిచ్చారు. అది బతికుంటే ఆ మాట చెల్లదు."

"బతికున్నా చచ్చినా దాని బరువు ఒకటే!"

"ఆ లెక్కన నీకూ నాకూ ధర కట్టాల్సొస్తే నువ్వే పైకి పోతావు బాబాయ్, జాగ్రత్త" అంది చిన్న మెకానిక్, అతని పొట్ట వైపు చూసి. లైబ్రరీ మేడమ్ నవ్వాపుకోలేక దగ్గింది.

తూకం నవ్వలేదు. మామూలుగా అయితే ఇలాంటి మాటకు పది మాటలు అప్పజెప్పే మనిషి. కుర్చీలో ముందుకు జరిగి, గొంతు తగ్గించి, "వద్దమ్మా. నా మాట విను. ఇది తెరవకు. కావాలంటే ఇంకో వెయ్యి కలిపి ఇస్తాను మేడమ్‌కి. దీన్నిలాగే నన్ను పట్టుకుపోనీ" అన్నాడు.

దొరికిపోతానని భయం పట్టుకుందనుకుంది ఆమె. పాత కసి అంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "ఇంకో వెయ్యా? ఆరువందల సరుక్కి వెయ్యి కలిపే దాతవి ఎప్పుడయ్యావు? మేడమ్, మీ ముందే చెబుతున్నాను. దీన్ని తెరుస్తాను. చీటీ ఈయన పెట్టలేదని తేలిందా, నా బోర్డు నా చేత్తోనే దించేస్తాను, ఈయనకి మీ ఎదురుగానే క్షమాపణ చెబుతాను. ఈయనే పెట్టాడని తేలిందా, ఈయన ఆ తాసు ఇక్కడే వదిలేసి పోవాలి. ఒప్పుకుంటావా బాబాయ్?"

తూకం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఆమె వైపు జాలిగా చూశాడు. కోపంలో ఉన్నవాళ్ళకి జాలి కనబడదు.

"తెరువమ్మాయ్" అంది లైబ్రరీ మేడమ్. "నా వస్తువు లోపల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు."

చిన్న మెకానిక్ బల్ల మీద తెల్ల గుడ్డ పరిచింది. పెట్టెను బోర్లించింది. మొదటి స్క్రూ బిగుసుకుపోయింది. తల మీది గాడిలో దుమ్ము గడ్డకట్టి ఉంటే సూదితో తవ్వి తీయాల్సి వచ్చింది. రెండోదీ అంతే. పొద్దున ఎవరైనా విప్పి బిగించిన స్క్రూ గాడిలో ఏళ్ళనాటి దుమ్ము ఎలా ఉంటుంది? ఇంకో రోజయితే ఈ సంగతి ఆమె చెయ్యి తనంతట తనే పట్టుకునేది. ఈరోజు చెయ్యి పని చేస్తోంది గాని మనసు తూకం మెడ మీద ఉంది. నాలుగో స్క్రూ తీసి గుడ్డ మీద పెట్టి, మూత ఎత్తింది.

రాగి రేకు కింద ఉంది చీటీ. చిటికెన వేలి గోరంత మడత.

"ఇదిగో!" అంటూ పట్టుకారుతో లాగి పైకెత్తింది. గొంతు గది దాటి వినిపించేలా లేచింది. "చూడండి మేడమ్! మీ పెట్టెని చంపింది ఇదీ!"

"విప్పు" అన్నాడు తూకం.

"ఏంటి?"

"మడత విప్పి చూడు."

ఆమె విప్పింది. మైనం వల్ల మడతలు విడిపోవడానికి మొరాయించాయి. లోపల నీలం పెన్సిలు రాత. ఒక నంబరు, దాని చుట్టూ గీసిన సున్నా. దాని కింద 'శబ్దం రావడం లేదు' అనే మూడు మాటలు. రిపేరుకు వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక చీటీ రాసి, నంబరు చుట్టూ నీలం పెన్సిలుతో సున్నా చుట్టే మనిషి ఆ వీధిలో ఒక్కడే ఉన్నాడు. పని అయిపోయిన చీటీని కూడా పారేయకుండా కత్తిరించి ఏదో ఒకదానికి వాడే పొదుపరి కూడా ఆయనొక్కడే. చిన్న మెకానిక్ ఈనాటికీ చీటీలు అలాగే రాస్తుంది. ఆయన చెయ్యి పట్టుకుని నేర్పించినట్టే.

నాన్న రాత.

ఆమె ఆ నంబరును, దాని చుట్టూ సున్నాను మళ్ళీ చూసింది.

"ఏముందమ్మాయ్ అందులో?" అంది లైబ్రరీ మేడమ్. కళ్ళజోడు లోపలి గదిలో ఉండిపోయింది, ఆవిడకు రాత ఆనడం లేదు.

చిన్న మెకానిక్ నోరు తెరిచేలోపు తూకం లేచి నిలబడ్డాడు. "నేనే పెట్టానండీ" అన్నాడు. "పొద్దున మీరు టీ పెట్టడానికి వెళ్ళినప్పుడు. బుద్ధి గడ్డి తింది. ఇదిగో, తాసు ఇక్కడే పెట్టేస్తున్నాను." నిజంగానే తాసు బల్ల మీద పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా అది అతని చెయ్యి వదలడం ఎవరూ చూడలేదు.

చిన్న మెకానిక్‌కు దారి తెరిచే ఉంది. ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు. చీటీ జేబులో వేసుకుంటే చాలు. బోర్డు బోర్డులాగే ఉంటుంది, పందెం గెలిచినట్టే ఉంటుంది, నాన్న నాన్నలాగే ఉంటాడు. అలా ఊరుకోవాలని ఆమెకు ప్రాణం పోయేంత ఆశ పుట్టింది. ఆ ఆశను చూసి తన మీద తనకే రోత కూడా పుట్టింది.

"కాదు మేడమ్" అంది. "ఈయన పెట్టలేదు. మా నాన్న పెట్టాడు."

"అమ్మడూ!" అన్నాడు తూకం.

"ఊరుకో బాబాయ్. నా ఎదురుగా ఎవరూ చీటీలు పెట్టకూడదని కదా బోర్డు కట్టింది. ఇప్పుడు నీ చేత నాకోసం ఇంకో చీటీ పెట్టించుకోనా?" అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నిన్ను అనరాని మాటన్నాను. తప్పయింది. మేడమ్ ఎదురుగానే చెబుతున్నాను, నన్ను క్షమించు. ఆ తాసు తీసుకో."

తూకం తాసు తీసుకోలేదు. కూలబడినట్టు కుర్చీలో కూర్చున్నాడు. "అప్పట్లో నేను మీ నాన్న దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆయన చీటీ పెడుతుంటే టార్చిలైటు పట్టుకున్నది నేనే. శబ్దం రావడం లేదని తెచ్చారు, రెండ్రోజులుంచుకుని, కాలిపోయిందని చెప్పి, రెండొందలకి అడిగాడు. మేడమ్ అమ్ముతారనుకున్నాడు. అమ్మలేదు. మళ్ళీ వచ్చి చీటీ తీస్తానంటే ఏ ముఖం పెట్టుకుని రావాలి? నువ్వు ఈ ఇంటికి వస్తున్నావని తెలిసి, నీకంటే ముందు దీన్ని తీసుకుపోదామని పరుగెత్తుకొచ్చాను. ఎక్కువిస్తే అనుమానం వస్తుందని ఆరువందలన్నాను."

"నేనెందుకు అమ్ముతాను?" అంది లైబ్రరీ మేడమ్. ఆవిడ గొంతు మొదటిసారి పెరిగింది. "గుర్తొచ్చాడు నాకు ఆ మనిషి. నీలం చొక్కా. 'పోయిన పెట్టెని ఏం చేసుకుంటారమ్మా' అన్నాడు. 'పోయినా నాదే, నా అటక మీదే పడుంటుంది' అన్నాను. కాల్చేశావని ఇంట్లో అంటుంటే పడ్డాను. ఇరవై రెండేళ్ళు పడ్డాను! మళ్ళీ ఇంకోటి కొనుక్కోవాలనిపించినా, దాన్నీ తగలేస్తానని భయపడి మానేశాను." ఆవిడ ఆగి, ఊపిరి పీల్చుకుని, "పెట్టు. అడాప్టర్ పెట్టు" అంది.

చిన్న మెకానిక్ రాగి రేకును శుభ్రంగా తుడిచింది. మూత వేసింది. నాలుగు స్క్రూలూ వరసలో బిగించింది. బండ టీవీకి తీగ తగిలించి, క్యాసెట్టు పెట్టి, స్విచ్చి నొక్కింది.

ఎర్ర లైటు వెలిగింది.

తెర మీద గీతలు పరుగెత్తి, సర్దుకుని, లాంతరు పట్టుకున్న చిన్న బొమ్మ ఒకటి గుహ ముందు నిలబడింది. శబ్దం లేదు. లైబ్రరీ మేడమ్ జాయ్‌స్టిక్ అందుకుంది. కళ్ళజోడు లేదు, తెర సరిగ్గా కనిపించదు. అయినా ఆవిడ బొటనవేలికి ఏ గొయ్యి ఎక్కడుందో గుర్తుంది. బొమ్మ దూకింది, వంగింది, నిచ్చెన ఎక్కింది. మొదటి గుహ దాటేసరికి ఆవిడ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"నేను కాల్చలేదు" అంది. ఎదుట ఉన్న ఇద్దరితోనూ కాదు. "విన్నారా? నేను కాల్చలేదు."

కొంతసేపటికి ఆవిడే జాయ్‌స్టిక్ కింద పెట్టి, చిన్న మెకానిక్ వైపు తిరిగింది. "తెరిచావు కదా. ఇప్పుడు చెప్పు, ధర."

"పద్దెనిమిది వేలు మేడమ్. శబ్దం పోవడం చిన్న జబ్బే. ఇంకెవరి దగ్గరైనా దానికి తగ్గిస్తాను. మీ దగ్గర తగ్గించను. ఆ జబ్బు బాగుచేస్తామనే మా కొట్టు మీ దగ్గర తీసుకుంది."

"న్యాయంగానే చెప్పావు. అది పెట్టె ధర." లైబ్రరీ మేడమ్ చేయి చాపి, పట్టుకారు కింద ఉన్న కాగితం ముక్కను వేలితో ఆమె వైపు జరిపింది. "దీని ధర?"

చిన్న మెకానిక్ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

"నువ్వు చెప్పలేవు, నువ్వు పెట్టలేదు కాబట్టి. పెట్టినాయన్ని అడిగి రా. ఇరవై రెండేళ్ళకి ఎంతవుతుందో ఆయన నోటితో ఆయన్నే చెప్పమను. ఎంత చెప్పినా ఒప్పుకుంటాను, బేరమాడను. ఆయన చెప్పేదాకా మాత్రం ఈ పెట్టె నీక్కూడా అమ్మను."

గుమ్మం దగ్గర తూకం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దాయన్ని అడక్కమ్మా. వయసైపోయింది, చూపు పోయింది. పందెం సంగతి నేనెవరికీ చెప్పను. బోర్డు ఉండనీ."

"నువ్వు చెప్పకపోతే నేను ఓడిపోనట్టా?" అని చెయ్యి విడిపించుకుంది.

వీధిలోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ఎదురు కొట్ల అరుగుల మీద వ్యాపారులు కూర్చుని ఉన్నారు. చిన్న మెకానిక్ తన కొట్టు వెనక నుంచి నిచ్చెన ఈడ్చుకొచ్చి, గోడకు ఆనించి ఎక్కడం చూసి ఒకడు ఈల వేశాడు. ఆమె కట్లు విప్పి బోర్డు దించింది. చంకలో పెట్టుకుని కిందికి దిగింది.

"బుద్ధొచ్చిందా?" అన్నాడు టేపురికార్డర్ల వ్యాపారి. "ఆదివారం దాకా కూడా ఆగలేకపోయావే!"

"దించుతానన్నాను, దించాను" అంది చిన్న మెకానిక్. "మళ్ళీ ఎక్కించనని అనలేదు. నిచ్చెన అక్కడే ఉంటుంది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే చేతులు విరుస్తాను."

అరుగు మీద నవ్వులు ఆగిపోయాయి.

లోపల పెద్ద మెకానిక్ తన ఎత్తు స్టూలు మీద కూర్చుని, పాత స్క్రూలను వేళ్ళతో తడిమి సైజుల వారీగా డబ్బాల్లో వేస్తున్నాడు. కళ్ళు మసకబారినప్పటి నుంచీ ఆయనకు మిగిలిన పని అదే. ఒక్క స్క్రూ కూడా తప్పు డబ్బాలో పడదు.

"ఏమ్మా, తెరిచావా? ఎలా ఉంది సరుకు?" అన్నాడు, అడుగుల చప్పుడు విని.

ఆమె బోర్డును ఆయన ముందు బల్ల మీద పెట్టింది. దాని మీద ఆ కాగితం ముక్క పెట్టింది. ఆయన కుడిచెయ్యి తీసుకుని, వేళ్ళను కాగితం మీద ఆనించింది. "లైబ్రరీ మేడమ్ గారింట్లో దొరికింది నాన్నా. దీని ధర ఎంతో నిన్నే చెప్పమన్నారు" అంది.

ఆయన వేళ్ళు మైనాన్ని గుర్తుపట్టాయి. మడతల్ని గుర్తుపట్టాయి. కాదంటాడని ఎదురుచూసింది ఆమె. కసురుతాడని, అబద్ధమాడతాడని, కనీసం ఏడుస్తాడని ఎదురుచూసింది.

పెద్ద మెకానిక్ తలెత్తి, కూతురి ముఖం ఉంటుందనుకున్న వైపు చూశాడు.

"ఒక్కటేనా నీకు దొరికింది?" అన్నాడు.